వయసు చాలని బండ

తెనాలిలో పుట్టి పెరిగిన పిల్లలకి ఒక సంగతి చెబితే ముందు నమ్మరు. మన నేలలో రాయి పుట్టదు. గడప రాయి, రుబ్బురోలు, రైలు పట్టాల కింద కంకర, సిమెంటు రోడ్డులో పోసే చిప్స్, అన్నీ ఎక్కడో మెట్ట ప్రాంతంలో కొండ పగిలితే లారీ ఎక్కి వచ్చినవే. నందివెలుగు నుంచి కొల్లిపర దాకా ఏ పొలంలో ఎంత తవ్వినా మట్టి, దాని కింద ఇసుక, మళ్లీ మట్టి. అలాంటి ఊళ్లో పుట్టి నేను భూగర్భ శాస్త్రం చదువుతానన్నాను. మా మేనత్త పొట్ట పట్టుకుని నవ్వి, "రాళ్లే లేని ఊళ్లో రాళ్ల చదువేంటే పిచ్చిమొహమా?" అంది. ఆవిడకి చెప్పవలసిన జవాబు తెలియడానికి నాకు ఉద్యోగ జీవితం దాదాపు చివరికి రావలసి వచ్చింది. ఆ జవాబు రేపల్లె అవతల ఒక మురుగు కాలవ గట్టున దొరికింది.

మా విభాగంలో కొత్తగా చేరిన మీరు కనిపించినప్పుడల్లా, "మేడమ్, మీ సర్వీసులో మర్చిపోలేని సైటు ఏది?" అని అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నాను. మీకు మా పని తెలుసు. తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. వంతెన ఎలా ఉండాలో ఇంజనీర్లు గీస్తారు. దాని కాళ్లు నేలలో ఎక్కడ ఆనాలో బోరు వేసి, లోపలి మట్టి తీసి చూసి మేము చెబుతాం. వంతెన నిలబడితే ఇంజనీరు గొప్ప, కుంగితే మట్టి చూసినవాళ్ల తప్పు. ఈ పంపకానికి నొచ్చుకోనివాళ్లే మా విభాగంలో సుఖంగా రిటైరవుతారు. నేను సుఖంగానే రిటైరయ్యాను.

మా ప్రయోగశాల బాపట్లలో ఉండేది. ఇల్లు తెనాలి. రోజూ రైల్లో వెళ్లి రావడం, సైటు పని ఉంటే రేపల్లె బండి ఎక్కడం. ఆ సైటు రేపల్లె నుంచి ఇంకా ఆటోలో పోవాలి. అక్కడ ఒక పెద్ద డ్రెయిను ఉంది. ఊరంతా అవతలి గట్టున, ఆస్పత్రికి, హైస్కూలుకి పోయే రోడ్డు ఇవతలి గట్టున. మధ్యలో ఒకప్పుడు వంతెన ఉండేది. ఒక వరదకి దాని నడిమి స్తంభం పక్కకి ఒరిగి కుంగిపోయింది. నేను వెళ్లేటప్పటికి ఆ స్తంభం నీళ్లలో వంకరగా నిలబడి ఉంది, దాని మీద కొంగలు వాలుతున్నాయి. జనం బల్లకట్టు మీద దాటుతున్నారు. గట్టు నుంచి గట్టుకి కట్టిన తాడు పట్టుకుని లాగితే చెక్కబల్ల కదులుతుంది, అంతే.

నాకు ఆ ఊళ్లో మొదట పరిచయమైంది ప్రాథమిక పాఠశాల టీచరు. లూథరన్ కుటుంబం, వాళ్ల నాన్న చర్చిలో ఉపదేశిగా చేసినవాడు. ముక్కుసూటి మనిషి. మొదటి రోజే నన్ను బల్లకట్టు ఎక్కించి, నడి నీళ్లలో ఆపించి, "మా మరదలు ఇక్కడే కనిందండి. ఆస్పత్రికి తీసుకెళ్తుంటే ఇదిగో, ఈ బల్ల మీదే. చీరలు అడ్డంపెట్టి పట్టుకున్నాం. పిల్లా తల్లీ బతికారు, దేవుడి దయ. ఇంకోసారి ఆ దయ అడగాలంటే నాకు మొహం చెల్లదండి," అంది. ఆ పిల్లని ఊరంతా బల్లకట్టు బుజ్జి అని పిలుస్తారట. తర్వాత చూశాను, మహా గడుగ్గాయి.

ఇక మావాళ్ల గురించి చెప్పాలి. పని చూసే ఇంజనీరుని మేమందరం పెద్దసార్ అనేవాళ్లం. ఒంగోలు అవతల గ్రానైటు కొండల పక్కన పుట్టాడు. మంచి మనిషి, ఎవరినీ ఒక మాట అననివాడు. కాకపోతే నేల అంటే ఆయనకి ఒకటే నమ్మకం. కింద ఎక్కడో బండ ఉండి తీరుతుంది, ఉలి దాని మీద పడి ఖంగుమంటుంది, ఆ చప్పుడు వినిపించగానే కొబ్బరికాయ కొట్టాలి. వాళ్ల ప్రాంతంలో బావి తవ్వినా, బోరు వేసినా అదే ఆచారం. బోరు మేస్త్రిదీ ఆ పక్క ఊరే. ఆయన ఇంకో మెట్టు పైన. కాయ కొట్టిన గుంతలో మళ్లీ ఉలి దింపితే ఇంటికి అరిష్టమనేవాడు. అలా ఇద్దరూ చేరి ఎన్నో వంతెనలకి కాయలు కొట్టారు. మెట్ట ప్రాంతంలో వాళ్ల లెక్క ఎప్పుడూ తప్పలేదు, అది ఒప్పుకోవాలి.

ఆ రోజు నేను బాపట్ల నుంచి బయల్దేరి సైటుకి చేరేసరికి మధ్యాహ్నమైంది. ఆటో దిగుతుండగానే గట్టు మీద జనం, సందడి. పెద్దసార్ నన్ను చూసి చేతులూపుతూ, "రామ్మా, రా! నువ్వు లేకుండానే బండ పట్టేశాం," అన్నాడు. అప్పటికే కాయ కొట్టేశారు. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి, బండ మీద వేసే పునాది గురించి నాలుగు మంచి మాటలు చెప్పి వెళ్లారు. ఎవరో పులిహోర కలుపుకొచ్చారు. టీచరు పరుగెత్తుకొచ్చి నా చేతిలో కొబ్బరిముక్క పెట్టి, "ఈ ఎండాకాలంలోనే పని మొదలవుతుందంటున్నారండి, వానల్లోపు స్తంభాలు లేస్తాయట," అంది. ఆవిడ కళ్లు మెరుస్తున్నాయి.

ఆ ముక్క నములుతూనే బోరు దగ్గరికి వెళ్లాను. ఉలితోపాటు పైకొచ్చిన రాతిపెళ్లలు ఒక తట్టలో పోసి ఉన్నాయి. ఒకటి తీసి కడిగి చూశాను. నమలడం ఆపేశాను.

పెళ్ల గట్టిగానే ఉంది, కాదనను. కానీ దాని ఒంట్లో గుల్లలు ఉన్నాయి. సముద్రపు ఒడ్డున జనం ఏరుకొచ్చి సున్నానికి కాల్చే గుల్లలే, అచ్చం అవే. నా సంచిలో ఎప్పుడూ ఉండే ఆమ్లం సీసా తీసి రెండు చుక్కలు వేస్తే బుసబుసా పొంగింది. గ్రానైటు మీద ఆ ఆమ్లం సీసాడు పోసినా మాట్లాడదు. భూతద్దం పెట్టి చూస్తే అద్దంలా మెరిసే రేణువులు, కొద్దిగా గులాబీ రంగువి, నల్లగా ఇనప పొడిలాంటివి. బాపట్ల దగ్గర సూర్యలంక ఒడ్డున కూర్చుంటే చీరకి అంటుకునే ఇసుక ఉంటుంది చూడండి, అదే. ఇసుకకీ ఇసుకకీ మధ్య గుల్లల సున్నం కరిగి గడ్డకట్టి పట్టుకుంది. ఇది కింద ఉండాల్సిన బండ కాదు. ఒకప్పటి సముద్రపు ఒడ్డు. ఒక పొర మాత్రమే.

"సార్, ఇది బండ కాదు," అన్నాను.

పెద్దసార్ నవ్వాడు. "నాకు బండ చప్పుడు తెలియదా అమ్మా? మా ఊళ్లో పిల్లలు గోలీలాడేదే బండ మీద."

"చప్పుడు నిజమే సార్. రాయీ నిజమే. వయసే చాలదు. ఇందులో గుల్లలు ఇప్పుడు సముద్రంలో బతుకుతున్నవే. అంటే ఇది భూమి లెక్కలో నిన్నగాక మొన్న పుట్టింది. దీని కంటే ముందు ఇక్కడ ఏమున్నట్టు? నది తెచ్చిపోసిన మట్టి. అది దీని కిందే ఉంటుంది, ఎక్కడికీ పోదు."

పులిహోర పంచేవాళ్ల చేతులు ఆగాయి. బల్లకట్టు లాగే పెద్దాయన తలపాగా విప్పి మళ్లీ చుట్టుకుంటూ, "పాత వంతెనప్పుడూ బండ తగిలిందనే అన్నారండి. అప్పుడూ కాయ కొట్టారు. నేనూ ముక్క తిన్నాను," అన్నాడు. ఆయన ఏదో జ్ఞాపకం వచ్చి మామూలుగా అన్నాడు. కానీ అక్కడున్న అందరూ ఒక్కసారి తలతిప్పి నీళ్లలో ఒరిగిన స్తంభం వైపు చూశారు.

పెద్దసార్ నన్ను పక్కకి పిలిచాడు. బండ తగిలిందని పైవాళ్లకి అప్పటికే ఫోన్ చేసేశాడు. ఊరి వాట్సాప్ గ్రూపులో కాయ ఫొటోలు తిరుగుతున్నాయి. "నువ్వు కాదంటే స్తంభాలు లోతుకి పోవాలి, లెక్కలన్నీ మళ్లీ వేయాలి, ఈ ఎండాకాలం పోతుంది. తెలుసు కదా?" అన్నాడు.

"తెలుసు సార్."

"ఖాయంగా చెప్పగలవా?"

"చెప్పగలను. దాని కింద బురద ఉంది. రాయి కోసే బిట్టు బాపట్ల నుంచి తెప్పించండి. రేపు మీ కళ్లతోనే చూద్దురుగాని."

ఇప్పటి పిల్లలు నన్ను అడుగుతారు, అంత ధైర్యంగా ఎలా అన్నారు అని. ధైర్యం కాదు. నేను చదివిన చదువు అదే. వైద్యుడు నాడి చూసి జ్వరమని చెప్పడానికి ధైర్యమెందుకు? నాకు భయం వేసింది ఇంకోచోట. వెనక్కి తిరిగితే టీచరు నిలబడి ఉంది. మా మాటలన్నీ వింది.

"మీకేంటండి, సాయంత్రం బండెక్కి తెనాలి వెళ్లిపోతారు. బల్లకట్టు ఎక్కేది మేము," అంది. "ఇంకో వానాకాలం ఎలా గడపమంటారు చెప్పండి?"

"వంతెన కట్టాక మీ బడిపిల్లలు దాని మీద ఉండగా అది ఒరగకూడదండి," అని మాత్రం అన్నాను. ఆవిడ విననట్టే వెళ్లిపోయింది. ఆ మాట అన్నందుకు ఆవిడ మీద నాకు కోపం రాలేదు. ఆ స్థానంలో నేనుంటే ఇంకా నాలుగు ఎక్కువే అనేదాన్ని.

మర్నాడు బిట్టు వచ్చింది గానీ మేస్త్రి ముట్టుకోలేదు. "కాయ కొట్టిన గుంతండి. నా వల్ల కాదు," అని గట్టు మీద చతికిలబడ్డాడు. పెద్దసార్ బతిమాలాడు, గదమాయించాడు. మేస్త్రి కదల్లేదు. ఈ గొడవంతా చూసి నేను, "కాయ కొట్టింది ఆ గుంతకే కదా బాబాయ్. దాన్ని అలాగే ఉంచు. దాని పక్కనే ఇంకోటి వేద్దాం, దీనికి కాయ లేదు," అన్నాను. మేస్త్రి ఆ గుంత వైపు, దాని పక్క నేల వైపు చూశాడు. ఆచారంలో ఈ సంగతి గురించి ఏమీ చెప్పి ఉండలేదు కాబోలు. లేచి, పంచె ఎగ్గట్టి, "అట్టయితే సరేనండి," అన్నాడు. నలభై వాదనలకి లొంగని మనిషి, దారి చూపిస్తే చాలన్నట్టు పనిలో దిగాడు.

కొత్త గుంత ఆ లోతుకి దిగేదాకా నాకు పని లేదు. ఎండ మండిపోతుంటే బడి వరండాలోకి వెళ్లి కూర్చున్నాను. టీచరు నాతో మాట్లాడలేదు గానీ మజ్జిగ మాత్రం పంపింది. ఆ తర్వాత తనే వచ్చి గోడకి చేరబడింది. ఆవిడకి కోపం కంటే తెలుసుకోవాలన్న ఆరాటం ఎక్కువ, టీచరు కదా.

"రాయికి వయసేంటండి? రాయంటే రాయే కదా?"

వరండా మూల పాత రుబ్బురోలు ఉంది, మధ్యాహ్న భోజనాల వంట కోసం. "ఈ రోలు మీ అమ్మగారి కాలంలో ఇంతే లోతుందా?" అని అడిగాను.

"లేదండి, అరిగింది. అప్పుడప్పుడూ గంట్లు కొట్టించేవాళ్లం."

"అరిగిన పొడి ఎక్కడికి పోయింది?"

ఆవిడ ఆలోచించి పకపకా నవ్వింది. "మా పొట్టల్లోకేనండి."

అక్కడి నుంచి మొదలుపెట్టాను. ఈ రోటి రాయి ఒకప్పుడు భూమి లోపల కరిగి మరిగిన ముద్ద, మెల్లగా చల్లారి రాయైంది, అందుకే అగ్నిశిల అంటాం. అది పైకి వచ్చి ఎండకి ఎండి వానకి తడిసి, పగుళ్లిచ్చి, కొండ మీదే కుళ్లినట్టవుతుంది. అందులో మెత్తటి భాగం మట్టైపోతుంది, అద్దంలాంటి గట్టి భాగం ఇసుకగా మిగులుతుంది. వాగు దాన్ని ఏటికిస్తుంది, ఏరు కృష్ణకిస్తుంది. కృష్ణ దాన్ని రోట్లో పిండిలా రుబ్బుకుంటూ ఇక్కడిదాకా మోసుకొస్తుంది. "మీ పొలంలో నల్లమట్టి ఉందే, అందులో చాలా భాగం ఎక్కడో మహారాష్ట్రలో నేల చీల్చుకుని పారిన నిప్పు. చల్లారి నల్లరాయైంది, ఆ రాయి అరిగి మీ వరిచేలోకి వచ్చింది," అన్నాను.

"నిప్పులో నాట్లేస్తున్నామన్నమాట," అంది ఆవిడ.

"అంతే. ఇక ఇక్కడ ఆ మట్టీ ఇసకా పొర మీద పొర పడతాయి. పైపొరల బరువుకి కిందిది అణుగుతుంది, నీళ్లు పిండుకుపోతాయి. గుల్లల సున్నమో మరొకటో కరిగి రేణువుల మధ్య చేరి అతుకుతుంది. అప్పుడు మళ్లీ రాయవుతుంది. అవక్షేప శిల అంటారే, అది. నిన్న మీకు దొరికింది ఆ పని మొదలైన రాయి. పూర్తికాలేదు."

"పూర్తికావడానికి ఎంత కాలం పడుతుందండి?"

"మనం లెక్కపెట్టలేనంత."

చెబుతూ చెబుతూ నాకు మా మేనత్త గుర్తొచ్చింది. అప్పటికి ఆవిడ లేదు. ఉంటే ఆ సాయంత్రమే ఇంటికెళ్లి చెప్పేదాన్ని. ఇది రాళ్లు లేని ఊరు కాదత్తా, రాళ్లు ఇంకా తయారవుతున్న ఊరు అని. ఆ మాట ఆవిడకి చెప్పలేకపోయానని ఇప్పటికీ బాధే.

బోరు దగ్గర నుంచి కేక వినిపించింది. ఇద్దరం పరుగున వెళ్లాం. బిట్టు ఆ రాతిపొరలో దిగుతోంది. కీచుమంటోంది, నీళ్లు తెల్లగా వస్తున్నాయి. పెద్దసార్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేనూ నిలబడ్డాను. ఉన్నట్టుండి కీచు ఆగిపోయింది. గొట్టం ఎవరూ తొయ్యకుండా దానంతట అది సర్రున దిగిపోయింది. మేస్త్రి "అమ్మో" అని గొలుసు పట్టుకున్నాడు. తెల్లగా వస్తున్న నీళ్లు బూడిదరంగుకి తిరిగాయి, ఆ వెంటనే నల్లబడ్డాయి. కుళ్లిన ఆకుల వాసన గుప్పుమంది. బిట్టులోంచి తీసిన రాతిముక్క జానెడు కూడా సరిగ్గా లేదు. దాని కింద ఉన్నదంతా పేడలాంటి బురద.

పెద్దసార్ ఆ బురద వేళ్లతో తీసి నలిపి చూసి, గట్టు మీద కూర్చుండిపోయాడు. "దీని మీద నిలబెట్టేవాణ్ణమ్మా," అన్నాడు. ఆ తర్వాత ఆయన చేసిన పని వల్లనే ఆయనంటే నాకు ఈనాటికీ గౌరవం. అందరి ముందే ఫోన్ తీసి పైవాళ్లకి చెప్పాడు. "నిన్న చెప్పింది తప్పండి. తొందరపడింది నేనే. స్తంభాలు లోతుకి తీసుకెళ్లాలి." అవతల ఏమన్నారో గానీ చాలాసేపు విన్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా నా పేరు ఎత్తలేదు.

టీచరు ఏడ్చింది. వంతెన ఆలస్యమైనందుకో, మళ్లీ ఒరిగే వంతెన తప్పినందుకో ఆవిడకే తెలియాలి. వెళ్లేటప్పుడు ఆ రాతిముక్క అడిగి తీసుకుంది. బడిలో పెట్టుకుంటానంది.

ఆ వానాకాలం వాళ్లు బల్లకట్టు మీదే దాటారు. ఒకసారి తాడు తెగి, జనంతో సహా దిగువకి కొట్టుకుపోయి ఒడ్డుకి తగులుకుందట. ఎవరికీ ఏమీ కాలేదు. టీచరు ఫోన్ చేసి ఆ ఒక్క సంగతీ చెప్పి పెట్టేసింది. నేను చేసింది సరైన పనేనని నాకు తెలుసు. అయినా ఆ రోజు అన్నం సహించలేదు. సరైన పని చేసినవాళ్లకి నిద్ర బాగా పడుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

మరుసటి ఎండాకాలంలో పని మొదలైంది. బురద దాటి, దాని కింద గట్టిగా అణిగిన ఇసుకలోకి స్తంభాలు దింపారు. వంతెన తెరిచిన రోజు నాయకులొచ్చారు, రిబ్బను కత్తిరించారు. పెద్దసార్ చేతికి కొబ్బరికాయ ఇచ్చారు. ఆయన దాన్ని సంచిలో వేసుకుని, "ఇప్పుడు కాదండి. ఒక పెద్ద వరద చూశాక కొడతాను," అన్నాడు. నాయకుడు మొహం చిట్లించాడు. మేస్త్రి మాత్రం గట్టిగా తలూపాడు.

తర్వాత పెద్దసార్ రిటైరయ్యాడు, నేనూ రిటైరయ్యాను. పెద్ద వరద రాలేదు. కలిసినప్పుడల్లా, "సార్, కాయ?" అని ఏడిపించేదాన్ని. "కురిడీ అయిందమ్మా. కొత్తది కొంటాలే," అనేవాడు.

మొన్నటి తుపానుకి ఆ వరద వచ్చింది. టీవీలో కాలవలన్నీ గట్లు మింగుతున్నట్టు చూపిస్తున్నారు. పొద్దున్నే టీచరు ఫోన్. ఇన్నేళ్లూ నన్ను మేడమ్ గారూ అన్న మనిషి, "అక్కా," అంది. "మా మరదలికి మళ్లీ నెలలు నిండాయి కదా, నొప్పులొచ్చాయి. ఇప్పుడే అంబులెన్సులో దాటించాం. నీళ్లు వంతెన అంచుని తాకుతున్నాయక్కా. వంతెన కదల్లేదు." సాయంత్రానికి ఇంకో మెసేజి వచ్చింది. మగపిల్లవాడు, ఆస్పత్రి మంచం మీదే పుట్టాడని.

వరద తీశాక పెద్దసార్ ఫోన్ చేశాడు. ఆ వయసులో ఒంగోలు నుంచి బస్సులెక్కి వచ్చి వంతెన మీద నిలబడ్డాడట. "స్తంభాలన్నీ చూశానమ్మా. నిలువుగా ఉన్నాయి. కొట్టమంటావా?"

"కొట్టండి సార్," అన్నాను.

ఫోన్లోంచి టప్పున చప్పుడు, వెంటనే టీచరు "అయ్యో సార్!" అని అరవడం వినిపించాయి.

"ఏమైంది సార్? దేని మీద కొట్టారు?"

"నీ రాయి మీదేనమ్మా. బడిలోంచి నేనే తెచ్చా, టీచరమ్మ వద్దంటూనే ఉంది." ఆయన నవ్వు ఆపుకోలేకపోతున్నాడు. "కాయతోపాటు అదీ పగిలింది."